ముందువాడి గాలి

నంబులపూలకుంట నుంచి కదిరి వెళ్లే రోడ్డు మీద టీవీఎస్ బండి నడిపే రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదురుగా లోడు లారీ వస్తోందంటే హ్యాండిల్ బిగించి పట్టుకుంటాడు, తలకు చుట్టిన తువ్వాలు కొసను పళ్ల మధ్య నొక్కి పెడతాడు. లారీ దాటిపోయాకే అసలు దెబ్బ. బండిని ఎవరో అటు తోసి ఇటు లాగినట్టవుతుంది, కళ్ల నిండా దుమ్ము. లారీ డ్రైవర్ చూపు మాత్రం ముందు రోడ్డు మీదే.

ఆకాశంలో ఇలాంటి గాలే ప్రాణాలు తీస్తుంది.

విమానం రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే విమానాన్ని మోస్తుంది. కింది గాలి రెక్క కొస దగ్గర దారి దొరకగానే పైకి మెలి తిరుగుతుంది. అలా ఒక్కో రెక్క వెనక ఒక్కో సుడి పుడుతుంది. అడ్డంగా పడుకోబెట్టిన సుడిగాలిలా అది విమానం వెళ్లిపోయాక కూడా తిరుగుతూ, నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున కిందికి దిగుతుంది. విమానం ఎంత బరువైతే, ఎంత నెమ్మదిగా పోతే, సుడికి అంత బలం. రన్‌వే మీద దిగే వేళ అన్నీ నెమ్మదిగానే వస్తాయి, పైగా అన్నిటిదీ ఒకే దారి. వెనక వచ్చే చిన్న విమానం ఆ సుడిలో చిక్కితే ఒక పక్కకు దొర్లిపోతుంది. సర్దుకోవడానికి కింద ఎత్తు మిగలదు. హోరుగాలిలో సుడి త్వరగా చెదిరిపోతుంది కాబట్టి, ఆకు కదలని తేటపొద్దుల్లోనే భయం ఎక్కువ.

ఎగరడమంటేనే సుడిని వదలడం. దాన్ని వదలకుండా ఏ పైలటూ ఎగరలేడు. మరి వెనకవాడికి జరిగిన హాని ఎవరి ఖాతాలో రాయాలి? ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ’ అన్న సామెత ఇక్కడ నిలవదు. చేసింది ఒకడు, అనుభవించేది ఇంకొకడు.

తగువు పాతదే. బౌద్ధుల మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో, ఉపాలి అనే గృహస్థు జైనుల పక్షాన బుద్ధుడితో వాదానికి దిగుతాడు. శరీరంతో చేసిన కర్మే అన్నిటికన్నా బరువైనదని అతని వాదం. మనసుతో చేసినదే బరువని బుద్ధుడిది. బౌద్ధ గ్రంథం కాబట్టి గెలుపు బుద్ధుడిదే. ఆ లెక్కన పెద్ద విమానం కెప్టెన్‌కి ఏ దోషమూ అంటదు. అతని తలపులో వెనకవాడే లేడు.

జైనులు తమ మాట తాము చెప్పుకున్నప్పుడు కథ ఇంకోలా ఉంది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం హింసను నిర్వచిస్తూ ఏమరుపాటును ముందుకు తెచ్చింది. దానికి సంస్కృతంలో మాట ప్రమాదం. తెలుగు వాడుకలో ఆ మాట తలకిందులైంది. వార్తలో ‘ప్రమాదవశాత్తు’ అని రాయగానే నింద ఎవరి మీదా లేకుండా పోతుంది.  జైన మతంలో మునులు పాటించే ఈర్యా సమితి ప్రకారం, ముందున్న నాలుగు మూరల నేలను చూసుకుంటూ అడుగు వేయాలి. చూసి నడిచినా పురుగు కాలికింద పడితే అది ఒకటి, చూడకుండా తొక్కేయడం మరొకటి.

సుడిగాలి దుర్ఘటనల చరిత్ర ‘ప్రమాదం’ మాటకున్న ఈ రెండు అర్థాల మధ్యే నడిచింది. 1972 మే 30న అమెరికాలోని ఫోర్ట్‌వర్త్ దగ్గర డీసీ-10 అనే పెద్ద విమానం వెనక దిగబోయిన డీసీ-9 శిక్షణ విమానం పక్కకు దొర్లి రన్‌వేను ఢీకొంది. నలుగురు చనిపోయారు. టవర్ నుంచి జాగ్రత్త అన్న మాటైతే అందింది కానీ రెండు విమానాల మధ్య సరిపడా ఎడమే లేదు. ఆ తర్వాత ఎడం నియమాలు గట్టిపడ్డాయి. అయినా 1992 డిసెంబరులో అమెరికాలోనే బిల్లింగ్స్‌లో ఎనిమిది మంది, మరుసటి డిసెంబరులో శాంటా ఆనాలో ఐదుగురు బోయింగ్ 757 వెనక వస్తూ చనిపోయారు. ఎడం నిర్ణయించే బరువు లెక్కలో 757 ‘హెవీ’ గీతకు దిగువన ఉండేది. దాని సుడి ఆ గీతను పట్టించుకోలేదు. మొదటిసారి దాన్ని దుర్ఘటన అనుకోవచ్చు. గీత తప్పని తెలిశాక కూడా దిద్దకపోతే, అది పాత అర్థంలో ప్రమాదం.

ఎంత ఎత్తున ఉన్నా తప్పదు. 2017 జనవరిలో అరేబియా సముద్రం మీద, దుబాయ్ నుంచి సిడ్నీ వెళ్తున్న ఏ380 అనే భారీ విమానం ఒక చిన్న ఛాలెంజర్ జెట్‌కు వెయ్యి అడుగుల పైనుంచి ఎదురుగా దాటిపోయింది. కాసేపటికి కింద ఉన్న ఆ జెట్ పల్టీలు కొట్టి వేల అడుగులు జారి, ఎలాగో తేరుకుని మస్కట్‌లో దిగింది. లోపల ఉన్నవాళ్లు గాయపడ్డారు. ఏ380 తన దారిన సిడ్నీకి సాగిపోయింది.

ముని చూపు ముందుకు ఉంటుంది. విమానం చేసే హాని వెనక ఉంటుంది, పైగా కంటికి ఆనదు. అందుకే ఏమరకుండా ఉండే పనిని ముగ్గురికి పంచారు. ఉదాహరణకు, 2022 అక్టోబరు నుంచి దుబాయ్ ఏ380 బెంగళూరుకు వస్తోంది. మొదటి పని దాని కెప్టెన్‌ది. కంట్రోలర్‌తో మొదటి మాటలోనే ఏ380 కెప్టెన్ తన పిలుపు పేరుకు ‘సూపర్’ అని తగిలిస్తాడు. నేను బరువైనవాణ్ణి, నా వెనక గాలి మంచిది కాదు అని ఒప్పుకోవడమది. కంట్రోలర్ ఎడం కొలుస్తాడు. మధ్యరకం విమానమైతే ఏడు నాటికల్ మైళ్లు, అంటే 13 కిలోమీటర్లు. చిన్నదైతే ఎనిమిది. మూడో పని వెనకవాడిది. ముందు విమానం దిగిన దారికి కాస్త పైగానే వస్తూ, దాని చక్రాలు నేలను తాకిన చోటు దాటాక తన చక్రాలు ఆనిస్తాడు.

కదిరి రోడ్డు మీద ఎడం కొలిచేవాడు లేడు, బరువు చెప్పేవాడూ లేడు. కానీ లారీకి పక్క అద్దం ఉంది. బండి తూలడం, తువ్వాలు ఎగిరి ముళ్లకంపకు చిక్కడం, రైతు కాలు నేలకు ఆనించి నిలదొక్కుకోవడం అందులో కనిపిస్తాయి, డ్రైవర్ ఒక్కసారి అటు చూస్తే.