పదిహేడు దాటితే

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఇప్పటికీ రాజున్నాడు కాబట్టి అనగనగా అనడంలో తప్పులేదు. పేరు ఇంగ్లండు.

ఆ ఇంగ్లండులో, లెస్టర్ ఊళ్లో, జగిత్యాల వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కొడుకు, కోడలు, వాళ్లకో ఆరేళ్ల పాప. వేసవి గడిపి వెళ్దామని ఊరి నుంచి తండ్రి వచ్చాడు. నలభై ఏళ్లు వడ్లు పండించిన మనిషి. లెస్టర్‌లో ఆయన చేయడానికి పనేమీ లేదు. పొద్దున పార్కు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఊరికి ఫోను: వాన పడిందా, పెంకుటిల్లు ఎక్కడైనా కురుస్తోందా? ఆ ఇల్లు ఆయన తండ్రి కట్టించింది. దేవునర్ర మీది టేకు దూలాన్ని ఎడ్లబండి మీద తెచ్చి పదిమంది కలిసి ఎక్కించిన కథ లెస్టర్‌లో పక్కింటివాళ్లకు కూడా తెలుసు.

కొడుక్కి ఆ ఏడు మోటర్‌హోమ్ పిచ్చి పట్టింది. వ్యాను ముందు భాగం, దాని వెనక చిన్న ఇల్లు. అందులోనే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, నిలబడి స్నానం చేసేంత అర. కొత్తది కొనే స్తోమత లేదు. లింకన్‌షైర్ పల్లెలో ఒక ముసలాయన తన పాతది అమ్ముతున్నాడని తెలిసింది. 2008 నాటిది, ఫియట్ డుకాటో మీద కట్టిన బండి, 24,500 పౌండ్లు. ఫొటోలు చూసి పాప దానికి ‘ఏనుగు’ అని పేరు పెట్టింది. కోడలు కర్టెన్ల గుడ్డ చూసుకుంది. కొడుకు స్కాట్లండులో ఆగస్టుకు దాన్ని నిలిపే చోటు కూడా బుక్ చేశాడు. బండిని ఇంకా ఎవరూ కళ్లతో చూడలేదు.

కొడుకు మరీ అమాయకుడేం కాదు. పాత మోటర్‌హోమ్‌కు ఇంజను కంటే చెమ్మ పెద్ద శత్రువని చదివి తెలుసుకున్నాడు. ఆ కాలపు బండ్లలో చాలావాటి గోడ మనం అనుకునే గోడ కాదు. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, మధ్యలో థర్మాకోల్ లాంటి దిమ్మలు, వాటిని పట్టి ఉంచే సన్నటి చెక్క బద్దలు. పైకప్పు గోడతో కలిసే అంచున ఒక లోహపు పట్టీ, దాని కింద జిగురు మెత్తన, దాన్ని బిగించే మరలు. మరలన్నీ చెక్కలోకే దిగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకీ చలికీ ఆ మెత్తన ఎండి పగులుతుంది. అక్కణ్నుంచి వాన చుక్క మర వెంట లోపలికి దిగి, బద్ద వెంట పాకి, ఎక్కడో దూరపు మూల కింద తేలుతుంది. కన్నం ఒకచోట, మరక ఇంకోచోట.

అందుకని రెండు ముళ్ల తేమ మీటరు కొన్నాడు. చెక్కలో ముళ్లు గుచ్చితే వాటి మధ్య సన్నగా కరెంటు పారుతుంది. ఎండిన చెక్క కరెంటును అడ్డుకుంటుంది, తడిసింది పారనిస్తుంది. ఆ తేడానే మీటరు శాతంగా మార్చి చూపిస్తుంది. కారులో వెళ్తూ కొడుకు లెక్క వివరించాడు: 15 లోపు ఫర్వాలేదు, 15 నుంచి 20 దాకా కనిపెట్టి ఉండాలి, 20 దాటితే కారణం వెతకాలి, 30 దాటితే లోపలి చెక్క కుళ్లి ఉండొచ్చు.

తండ్రి మీటరును అటూ ఇటూ తిప్పి, ముళ్లను అరచేతికి ఆనించుకున్నాడు. కీచుమంది. “మా కొనుగోలు సెంటర్ల గూడ ఉంటది గిసొంటిది. పదిహేడు దాటితే వడ్లు కాంటా ఎక్కయ్” అన్నాడు.

అమ్మే ముసలాయన మంచివాడు. ఈ కథలో మోసగాడెవరూ లేరు, ముందే చెప్పేస్తున్నాను. భార్య పోయాక ఒంటరిగా తిరగలేక అమ్ముకుంటున్నాడు. టీ ఇచ్చాడు, కాగితాలన్నీ వరసగా పేర్చి చూపించాడు, ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్ష పాసైన పత్రాలతో సహా. ఆ పరీక్ష బ్రేకులు, టైర్లు, లైట్లు చూస్తుంది. వెనక ఉన్న ఇంటి గోడల్లో తడి దాని పరిధిలోది కాదు. ఆ ఇంటిని విడిగా చూసే ఏడాది తనిఖీ వేరే ఉంటుంది, తేమ లెక్క రాసి ఇస్తారు. ముసలాయన దాన్ని భార్య జబ్బు పడ్డప్పటి నుంచి చేయించలేదు.

కొడుకు మీటరు తీశాడు. బల్ల పక్క గోడ, 11. మంచం మీది గోడ, 12. అల్మారా లోపల, 10. తలుపు పక్క, 12. ఒక్కొక్కటి పుస్తకంలో రాసుకుంటుంటే మొహం వికసిస్తోంది. పది చోట్ల పది అంకెలు, అన్నీ పచ్చగానే ఉన్నాయి. పాప మంచమెక్కి గంతులేస్తోంది.

తండ్రి మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. లోపల వెనిల్లా వాసన, దాని అడుగున ఇంకేదో. తడిసి ముక్కిన బస్తా విప్పితే వచ్చేలాంటిది.

“వాన వడి ఎన్ని దినాలాయె గిక్కడ?”

“మూడు వారాలైంది బాపు. ఎందుకు?”

“నువ్వు నడి గోడకే గుచ్చుతున్నవ్ కొడుకా. రాశి నడుమ మీది గింజలు ఎప్పుడన్న తడిగుంటయా? గా మూలకు పెట్టు. మంచం కింద డబ్బా తెరిచి, అడుగుకు.”

“ఊకో బాపు. గోడకు బొక్కలు పడ్తయి. మంచిగుండదు.”

మర్యాద మాటే. పరాయివాడి బండికి కన్నాలు పొడవకూడదు, నిజమే. అయితే పది చోట్ల పొడిచాక గుర్తొచ్చిన మర్యాద అది.

తండ్రి ఇంకేం అనలేదు. మంచం పరుపు ఎత్తి, కింది డబ్బా మూత తీసి, మోకాళ్ల మీద కూర్చొని, అందులో ఉన్న కుర్చీలు, గొట్టాలు ఒక్కొక్కటే బయట పెట్టాడు. తర్వాత చెయ్యి చాచాడు. కొడుకు మీటరు ఇచ్చాడు. వెనక లైటుకి దగ్గరగా, నేలకు మూరెడు పైన, 19. జానెడు కిందికి, 27. నేల కలిసే చోట ముళ్లు మాగిన జామపండులోకి దిగినట్టు దిగాయి. 34.

అక్కడ కరెంటు వైరో రేకో ఉండి మీటరును మోసం చేస్తోందేమోనని కొడుకు ఆశపడ్డాడు. అలా జరిగే మాట వాస్తవమే. లోహం తగిలితే మీటరు ఉత్తినే అరుస్తుంది. తండ్రి బొటనవేలితో నొక్కాడు. గోడ లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. వైరు ఉన్నందుకు ప్లైవుడ్డు మెత్తబడదు కదా.

ముసలాయన కూడా వంగి నొక్కి చూశాడు. చాలాసేపు వేలు తీయలేదు. పదహారేళ్లు పడుకున్న మంచం అది.

బేరం అక్కడే ఆగింది. లోపలి పలకలు విప్పి, కుళ్లిన బద్దలు మార్చి, కప్పు అంచంతా మళ్లీ మూయించాలంటే వేల పౌండ్ల పని. తిరుగు ప్రయాణంలో పాప ఏడ్చి నిద్రపోయింది. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “నీకెట్ల తెలిసింది బాపు?” అన్నాడు.

తండ్రి కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. ఒక యాసంగిల కోతలైనంక అకాల వాన కొట్టింది. రాశి అడుగు తడిసింది. పట్టాలు తీసి రెండు దినాలు ఎండకు పెడితే పైన ఎండింది, అడుగు ఎండలే. సెంటర్ల పిల్లగాడు తెలిసినోడే, పెద్దాయన గదా అని ఇనుప గొట్టం పైపైన గుచ్చి గింజలు తీసిండు. పదహారు అచ్చింది. వడ్లు కాంటా ఎక్కినయ్. మిల్లు కాడ బస్తాలు విప్పితే మొలకలు. ఆ పిల్లగాడిని అందరి ముందట తిట్టిన్రు.

“నేను అబద్ధమాడలే. వాడు పైన గుచ్చుతుంటే సూస్కుంట నిలవడ్డ. గంతే.”

నీతి: ఎక్కడ గుచ్చడానికి చెయ్యి వెనకాడుతుందో ముందు అక్కడే గుచ్చాలి.

ఈ నీతికి నా మాట కొంత చేర్చాలి. తండ్రి తెలివైనవాడు, కొడుకు తెలివితక్కువవాడు అని కథను చదివితే సగమే చదివినట్టు. కొడుకు దగ్గర మంచి మీటరుంది, అంకెల లెక్క తెలుసు, మూలలు చూడాలన్న సంగతి కూడా తెలుసు. కిటికీల కింది మూలలు, కప్పు మీది గాలి కిటికీ చుట్టూరా, స్నానాల అర అడుగు, చక్రాల పైభాగం, వెనక లైట్లు అంటూ చూడాల్సిన చోట్ల జాబితా కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకొని మరీ వెళ్లాడు. ఏనుగు అని పేరు పెట్టేసిన బండిలో ఆ కాగితం జేబులోంచి బయటికి రాలేదు. తండ్రికి ఆ బండి మీద ఆశ లేదు, ఆయన కర్టెన్లు చూసుకోలేదు. అదొక్కటే తేడా. అందుకే పాత బండి చూడ్డానికి పోయేటప్పుడు దాన్ని కొనాలని లేనివాణ్ని ఒకణ్ని వెంట తీసుకెళ్లమంటాను. ఎండాకాలం కంటే వాన వెలిసిన మర్నాడు పోతే ఇంకా మేలు.

కొడుకు శరదృతువులో ఇంకో బండి కొన్నాడు. దీనికంటే చిన్నది, కొన్ననాటి నుంచి ఏటేటా తేమ లెక్కలు రాయించుకున్నది, ముసురులో వెళ్లి చూసినది. దానికి పాప ఏ పేరూ పెట్టలేదు.

ఊరికి వెళ్తూ తండ్రి ఆ మీటరు అడిగి తీసుకున్నాడు. ఇది చెక్కకు చేసింది, వడ్లకు పనికిరాదని కొడుకు చెబితే, ఇంటి దూలాలకు పెట్టుకుంటానన్నాడు. వానాకాలం పంట కోతల ముందు ఒక రాత్రి ఫోనులో లెక్కలన్నీ ఒప్పజెప్పాడు.

“నడింటి దూలం 13. వంటింటిది 14. కొట్టంల ఒక వాసం 22 అచ్చింది, రేపే మార్పిస్త.”

“దేవునర్రది ఎంతచ్చింది బాపు?”

కాసేపు అవతల ఏమీ వినిపించలేదు.

“గది మా బాపు ఎక్కిచ్చిన దూలం కొడుకా. దానికి బొక్కలెందుకురా. మంచిగుండదు.”