పని బండి, అప్పు లేని సుఖం





రెండేళ్ళ కిందట వైశాఖ పౌర్ణమి నాడు వందన అయిపోయాక, టైల్స్ పని చేసే ఒక తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఫోనులో ఒక బండి ఫొటో చూపించాడు.

"అన్నా, గుంటూరులో సెకండ్ హ్యాండ్ బండి చూశా. 150 సీసీ. 75 వేలు. 15 వేలు కడితే మిగతా 60 వేలు ఫైనాన్స్ ఇస్తారంట. నువ్వు ష్యూరిటీ సంతకం పెట్టాలి."

ఆ తమ్ముడికి బండి నిజంగానే అవసరం. పని ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. పొద్దున బస్సు దొరక్కపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పనిముట్ల సంచి, కట్టర్ మిషను పట్టుకుని షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు విసుక్కుంటాడు. బండి వద్దని ఎవరంటారు? కానీ సంతకం పెట్టే ముందు ఒక్క మాట మాట్లాడుకుందాం రా అని కూర్చోబెట్టాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

కొందరు అడగొచ్చు: "ధమ్మం పుస్తకంలో బండి గొడవ ఏంటండీ?" అని. కోలియుల ఊళ్ళో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుడి దగ్గరికి వచ్చి ఇలాంటి మాటే అడిగాడు. మేము పెళ్ళాం బిడ్డలతో సంసారం చేసుకునే వాళ్ళం, మా బతుక్కి పనికొచ్చే ధమ్మం చెప్పండి అన్నాడు. బుద్ధుడు ఆయన్ను అడవికి పొమ్మనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. శ్రద్ధగా, నేర్పుగా పని చేసి సంపాదించటం, సంపాదించింది కాపాడుకోవటం, మంచివాళ్ళతో స్నేహం చేయటం, రాబడికి తగ్గట్టు, హెచ్చూ తగ్గూ లేకుండా బతకటం. ఇది అంగుత్తర నికాయంలో ఉంది. తక్కెడ పట్టినవాడు ముల్లు ఎటు వాలుతుందో చూసుకున్నట్టు, గృహస్థు తన రాబడీ ఖర్చూ చూసుకోవాలని అక్కడ పోలిక. బండి కొనేటప్పుడు ఆ తక్కెడ మన చేతిలో ఉండాలి. ఫైనాన్స్ వాడి చేతిలో కాదు.

పెద్ద బండి మీద ఆశ ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. మన పిల్లలు పెద్ద బండి అడిగితే "దుబారా" అని కొట్టిపారేయటం న్యాయం కాదు. మన తాతలు ఊరి వీధిలోకి వస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాల్సి వచ్చిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన కాళ్ళు మనవి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడు సౌండు చేసే బండి మీద అదే వీధిలో పోవాలనుకోవటంలో తప్పేముంది? అందులో ఒక గాయం ఉంది, దానికి ఒక జవాబు ఉంది.

నేనూ ఆ జవాబే చెప్పాలనుకున్నా. డిగ్రీ అయిన కొత్తలో, చిన్న ఉద్యోగం దొరకగానే, స్తోమతకు మించిన బండి అప్పు మీద తెచ్చాను. ఏడు నెలలు బానే కట్టాను. ఉద్యోగం పోయింది. రెండు వాయిదాలు తప్పాయి. మూడో నెలలో ఊరి సెంటర్లో, టీ కొట్టు ముందు, ఇద్దరు మనుషులు బండి ఆపి తాళం గుంజుకున్నారు. మా నాన్న అక్కడే ఉన్నాడు. కూలి చేసి నన్ను బీఏ చదివించిన మనిషి, వాళ్ళ ముందు చేతులు కట్టుకుని "అయ్యా, వారం ఆగండి" అన్నాడు. ఏ వీధిలో తలెత్తుకుని తిరగాలని బండి కొన్నానో, ఆ వీధిలోనే మా నాన్న తల దించాల్సి వచ్చింది.

బుద్ధుడు అప్పు గురించి చెప్పిన వరస నాకు తర్వాత ఎప్పుడో చదివితే అర్థమైంది. లేమి, ఆ తర్వాత అప్పు, ఆ అప్పుకు వడ్డీ, వడ్డీ కట్టకపోతే అడగటం, అడిగినా కట్టకపోతే వెంటపడటం, చివరికి బంధించటం. ఆరు మెట్లు. ఒక్కొక్కటీ వెనకటి దానికన్నా దుఃఖం. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, మనుషులు ఇంటికొస్తారు, తాళం గుంజుకుంటారు. మెట్లు మాత్రం అవే.

ఆత్మగౌరవం బాబాసాహెబ్ మనకిచ్చిన ఆస్తి. దాన్ని వాయిదాల మీద తాకట్టు పెట్టొద్దు.

లెక్క వేద్దాం

బుద్ధుడు కళ్ళున్న వ్యాపారి అని ఒక మాట వాడాడు. సరుకు ఎంతకు కొన్నాడో, ఎంతకు పోతుందో, ఎంత మిగులుతుందో తెలిసినవాడే కళ్ళున్నవాడు. మేమూ ఒక కాగితం తీసుకుని లెక్క వేశాం.

తమ్ముడు రోజుకు 60 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 25 రోజులు పని. అంటే 1,500 కిలోమీటర్లు. ఆ పెద్ద బండి లీటరుకు 40 ఇస్తుందనుకుందాం. నెలకు 37 లీటర్ల మీద అర లీటరు. బాగున్న 100 సీసీ బండి 60 ఇస్తుందనుకుందాం. నెలకు 25 లీటర్లు. తేడా పన్నెండున్నర లీటర్లు. పెట్రోలు 110 రూపాయలు వేసుకుంటే నెలకు 1,375. ఏడాదికి 16,500. మూడేళ్ళకు 49,500. ఆ డబ్బుతో ఇంకో చిన్న బండే వస్తుంది!

ఇక వడ్డీ. ఫైనాన్స్ కుర్రాడు "15 శాతమే అన్నా, రూపాయి పావలా వడ్డీ" అన్నాడట. కానీ అది ఫ్లాట్ వడ్డీ. 60 వేల మీద ఏడాదికి 9 వేలు, మూడేళ్ళకు 27 వేలు. మొత్తం 87 వేలు, నెలకు 2,417 చొప్పున 36 నెలలు. ఇందులో కిటుకేంటంటే, మనం నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం, వాళ్ళు మాత్రం చివరి నెల దాకా మొత్తం 60 వేలకూ వడ్డీ వేస్తూనే ఉంటారు. తగ్గే అసలు మీద లెక్క కడితే ఆ వడ్డీ ఏడాదికి దాదాపు 26 శాతం. రూపాయి పావలా కాదు తమ్ముడూ, రెండు రూపాయలు దాటింది. అందుకే ఎవరు అప్పిస్తామన్నా "ఫ్లాటా, తగ్గే అసలు మీదా?" అని అడగండి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాది రేటు ఎంతో రాసిన కాగితం ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. ష్యూరిటీ సంతకం అంటే సాక్షి సంతకం కాదు. వాడు కట్టకపోతే నేను కడతాననే మాట. నేను పెట్టనన్నది అందుకే.

వాయిదా 2,417, అదనపు పెట్రోలు 1,375. నెలకు 3,792 రూపాయలు. "ఇది మీ పాప ఫీజు కాదా?" అని అడిగా. తమ్ముడు మాట్లాడలేదు.

సిగాలుడికి చెప్పిన సుత్తంలో సంపాదనను నాలుగు భాగాలు చేయమని ఉంది. ఒకటి అనుభవించటానికి, రెండు పని కోసం, నాలుగోది ఆపదకు దాచటానికి. పని బండి పని భాగంలోకి వస్తుంది. తమ్ముడి పనికి 40 వేల బండి చాలు. 75 వేలలో మిగతా 35 వేలు ముచ్చట. ముచ్చట పాపం కాదు, కానీ దాన్ని పని ఖాతాలో రాసి మనల్ని మనమే మోసం చేసుకోకూడదు. అప్పు మీద అసలే తెచ్చుకోకూడదు.

నిమ్మకాయ కాదు, గాలి చూడండి

కొత్త బండయినా పాత బండయినా మనవాళ్ళు ముందు ముహూర్తం అడుగుతారు. టైరు కింద నిమ్మకాయలు పెడతాం గానీ టైరులో గాలి ఎంతుందో చూడం! జాతక కథల్లో ఒకటుంది. నక్షత్రం బాలేదన్నారని పెళ్ళికొడుకు వాళ్ళు చెప్పిన రోజుకు పోలేదు. పిల్ల తరఫు వాళ్ళు ఆ పిల్లను ఇంకొకరికి ఇచ్చి చేశారు. చుక్కలు చూసేవాడికి చేతిలో పని జారిపోతుందని దాని సారం.

మనం చూడాల్సినవి వేరే ఉన్నాయి. మిలింద రాజు రథమెక్కి వచ్చానంటే నాగసేన భంతే అడిగాడు కదా: చక్రమా రథం? ఇరుసా రథం? విడివిడిగా ఏదీ రథం కాదు, అన్నీ కలిస్తే పెట్టుకున్న పేరే రథం. బ్రోకరు మనకు అమ్మేది ఆ పేరునూ పైన రంగునూ. మనం భాగాలు చూడాలి.

పొద్దున్నే పోండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెడితే అనుమానించండి. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నట్టు. ఇంజను కింద ఆయిలు చెమ్మ, ముందు ఫోర్కుల దగ్గర లీకు, చైను పళ్ళ అరుగుదల చూడండి. మీటరు 20 వేలే చూపిస్తుంటే, బ్రేకు పెడలూ ఫుట్‌రెస్టు రబ్బర్లూ నున్నగా అరిగి ఉంటే, మీటరు అబద్ధం చెప్తున్నట్టే. మన పేటలో నమ్మకమైన మెకానిక్ ఉంటాడు. ఆయన కూలి ఆయనకిచ్చి వెంట తీసుకెళ్ళండి. మంచివాళ్ళ స్నేహం అంటే ఇదే.

మైలేజీ ఎవరి నోటి మాటా నమ్మొద్దు. కాలాములకు బుద్ధుడు చెప్పింది గుర్తుంది కదా, విన్నదాన్ని విన్నట్టే నమ్మొద్దు, తెలుసుకుని ఒప్పుకోండని. ట్యాంకు నిండా పోయించి, కిలోమీటర్లు రాసుకుని, వంద దాకా నడిపి, మళ్ళీ నిండా పోయించండి. ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించండి. కొన్నాక కూడా నెలకోసారి ఈ పరీక్ష చేయండి. గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, బ్రేకు పట్టేసినా మైలేజీ పడిపోతుంది.

కాగితాలు మరీ ముఖ్యం. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ బండి మీద ఉన్నవాటితో కలవాలి. బైకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఎన్నేళ్ళు మిగిలుందో చూడండి. చలాన్లు ఎన్ని ఉన్నాయో నంబరు కొట్టి చూడండి. పాత ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. ఫారం 29, 30 నింపి, మీ పేరు రాసి, వెంటనే ఆర్టీఓ ఆఫీసులో ఇవ్వండి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి.

అమ్మేవాళ్ళకు కూడా ఒక మాట. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బండి వదిలేయకండి. ఆర్సీలో పేరు ఎవరిదుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఇంకొకటి, మీటరు వెనక్కి తిప్పి అమ్మటం, ఇంజను దెబ్బ దాచి అమ్మటం, నోరు తెరవకుండా ఆడే అబద్ధం. ఎదుటివాడి కష్టార్జితం అతను ఇవ్వకుండానే తీసుకోవటం. రెండు శీలాలు ఒకేసారి పోతాయి. కొనేవాడు కూడా మనలాంటి కూలివాడేనని మరవొద్దు.

బండి వచ్చాక

తమ్ముడు పదిహేను రోజులు వెతికాడు. 100 సీసీ బండి 40 వేలకు కుదిరింది. దాచుకున్న 30 వేలలో 25 వేలు పెట్టాడు. ట్రాన్స్‌ఫరుకూ, వెనక టైరుకూ, చేతి ఖర్చుకూ 5 వేలు ఉంచుకున్నాడు. మిగతా 15 వేలు వాళ్ళావిడ పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంది. నెలకు 1,500 అసలు, ఆ పైన వడ్డీ, పది నెలల్లో తీరిపోయింది. మొత్తం వడ్డీ 825 రూపాయలు. అక్కడ 27 వేలు, ఇక్కడ 825! ఆ సంఘం పేదోళ్ళ ఆడవాళ్ళు రూపాయి రూపాయి పోగేసి నిలబెట్టింది కాబట్టే ఇది జరిగింది. సంఘం శరణం అంటే వట్టి నోటి మాట కాదని నాకు అప్పుడు మళ్ళీ తెలిసింది.

బుద్ధుడు అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు: ఉండటం, అనుభవించటం, అప్పు లేకపోవటం, తప్పు లేకపోవటం. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావన్నాడు. కాబట్టి బండి తెచ్చుకున్నవాళ్ళు దాన్ని తప్పు లేకుండా నడపండి. తాగి ఎక్కొద్దు. హెల్మెట్ లేకుండా కదలొద్దు. డబ్బులొస్తాయని బెల్టు షాపులకు సరుకు మోయొద్దు. మత్తు వ్యాపారం ఉపాసకుడికి వద్దన్న ఐదింటిలో ఒకటి.

అమరావతి స్తూపానికి ఒక చర్మకారుడు, పేరు విధికుడు, పూర్ణఘటం చెక్కిన శిలాఫలకం దానం చేశాడు. శాసనంలో ఆయన పేరు, పని ఇప్పటికీ ఉన్నాయి. చేతి పని చేసుకునే మనిషి తన సంపాదనలోంచి ఇచ్చాడు. వడ్డీలకే సంపాదన పోయేవాడు దేన్ని దానం చేస్తాడు?

పోయిన అక్టోబరు 14న, ధమ్మ దీక్ష దినం నాడు, ఆ తమ్ముడు తన బండి మీద కట్టర్ మిషను వేసుకుని విహారానికి వచ్చాడు. మెట్ల దగ్గర పగిలిన టైల్స్ తీసి కొత్తవి వేశాడు. కూలి తీసుకోలేదు. "వాయిదా లేదు కదన్నా, ఒక రోజు మనది" అన్నాడు.

ఒక రోజు మనది. అప్పు లేని సుఖం అంటే ఇదే. మీలో బండి కొనబోయే వాళ్ళుంటే ఈ పౌర్ణమికి ఆ కాగితం తీసుకుని రండి. కూర్చుని లెక్క వేద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!