పిలిచినవానికి శిక్ష యేల?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇరువదియొక్క యేండ్లు నిండనివాడు మద్యము కొనరాదు. ఈ వయఃపరిమితిని అంగీకరింపని రాష్ట్రములకు రహదారుల నిమిత్తమిచ్చు ధనములో కొంత నిలిపివేయుదుమని 1984వ సంవత్సరమున అచ్చటి కేంద్రప్రభుత్వము చట్టము చేయగా, 1988 నాటికి రాష్ట్రములన్నియు దారికి వచ్చినవి. చట్టము మంచిదే. మద్యపానమును సమర్థించుట కీ వ్యాసము వ్రాయుటలేదు. ఐనను పదునెనిమిది పందొమ్మిదేండ్ల విద్యార్థులు వసతిగృహములలో త్రాగుచునే యున్నారు; పూర్వమునకును ఇప్పటికిని భేదమేమనగా, తలుపు మూసికొని త్రాగుచున్నారు.

ఆ మూసిన తలుపు వెనుక ఒకడు నేలకొరిగినాడనుకొందము. మిత్రులు వానిని మంచముపై పరుండబెట్టి, "నిద్రపోయినాడు, తెల్లవారుసరికి తేరుకొనును" అందురు. ఈ మాటలోనే ప్రమాదమున్నది. గ్లాసు క్రింద బెట్టిన తరువాత గూడ కడుపులోని మద్యము రక్తములో చేరుచునే యుండును. కాలేయము దానిని మెల్లమెల్లగా మాత్రమే హరింపగలదు. కావున నిద్రపోయినాడనుకొన్న గడియలోనే వాని స్థితి క్షీణించుచుండవచ్చును. ఊపిరి నిమిషమునకు ఎనిమిదింటికన్న తగ్గుట, ఊపిరికి ఊపిరికి నడుమ పది సెకండ్లు దాటుట, పెదవులు నీలివన్నెకు దిరుగుట, ఎంత కుదిపినను లేవకుండుట అపాయసూచనలు. వాంతి వచ్చినచో దానిని అడ్డగించు శక్తి గొంతుకు అప్పటికే యుండకపోవచ్చును. వెల్లకిల పడియున్నవానికి ఆ వాంతియే ఊపిరి కడ్డుపడును. కాఫీ పోయుటవలనను, చన్నీళ్లు కుమ్మరించుటవలనను ప్రయోజనము లేదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, విడువక కనిపెట్టుకొని యుండి, వెంటనే వైద్యసహాయమునకు బిలువవలెను.

పిలువవలెనని మిత్రులకు తోచకపోదు. కాని పిలిచినచో వైద్యబండితో పాటు పోలీసులును వత్తురేమో! వచ్చినవారు "నీ వయస్సెంత?" అని యడుగుదురేమో!

ఇచ్చట ఆలోచింపదగినది యొకటి కలదు. చట్టము త్రాగినవారినందరిని శిక్షించుచున్నట్లు పైకి కనబడును. నిజమునకు తలుపు మూసికొని త్రాగి, తెల్లవారినంతనే కళాశాలకు బోవు వందలమంది నెవరును పట్టుకొనరు. ఆ రాత్రి పట్టుబడువాడెవడు? భయపడి, జాలిపడి, ఫోను చేసినవాడు. శాసనకర్త మద్యముపై వేసిన శిక్ష, దారిలో నెచ్చటనో పక్కకు మరలి, కరుణపై బడుచున్నది. పాపము చేసి దాచినవానికి ఏమియు లేదు. పాపము చేసియు ప్రాణము నిలుపబూనినవానికి దండన! దీనిని న్యాయమనుటకు నాకు నోరు రాదు.

కొన్ని విద్యాలయములు ఈ సంగతిని ముందుగా గ్రహించినవి. కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2002లో, సహాయమునకు బిలిచిన విద్యార్థిని క్రమశిక్షణచర్యనుండి మినహాయించు పద్ధతి నెలకొల్పిరి. అటుపిమ్మట సహాయమునకు వచ్చు పిలుపులు హెచ్చెను. చిక్కులు వచ్చునను భయముచేత పిలువకుంటిమని చెప్పువారు తగ్గిరి. ఆస్పత్రినుండి వచ్చిన విద్యార్థిని ఊరక విడువక, ఆరోగ్యశాఖవారు పిలిచి హితము చెప్పు ఏర్పాటును దానితో చేరియుండెను. తరువాత రాష్ట్రములును ఈ త్రోవ బట్టినవి. 2012లో ఇండియానా, మిషిగన్ రాష్ట్రములు ఇట్టి చట్టములు చేసినవి. ఇండియానా చట్టము ప్రకారము పిలిచినవాడు తన పేరు చెప్పవలెను, సహాయము వచ్చువరకు అచ్చటనే నిలువవలెను, అధికారులతో సహకరింపవలెను. అట్లు చేసినవానికే రక్షణ. పిల్లవానికి మద్యము తెచ్చియిచ్చినవానికిగాని, త్రాగి మోటారు నడిపినవానికిగాని ఆ రక్షణ లేదు.

మన దేశమున 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమును ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనవచ్చును. దారిలో గాయపడినవానిని ఆస్పత్రికి చేర్చిన మనుష్యుడు తన పేరు చెప్పనక్కరలేదని మన చట్టము. అచ్చట పేరు చెప్పి తీరవలెనని నియమము. ఈ భేదము సమంజసమే. మన దారినబోవువాడు ఏ తప్పును చేయనివాడు. ఆ విద్యార్థి తప్పులో భాగస్వామి. అతడు ముఖము చూపుటయే కొంత ప్రాయశ్చిత్తము.

"ధర్మము భయరహితముగా చేయదగినది, శిక్ష తప్పునని తెలిసి చేసిన సాయము సాయమా?" అని పెద్దలు కొంద రాక్షేపింతురు. ఉదాత్తమైన మాటయే. దండనకు వెరవక పిలిచినవాడు ఘనుడే. కాని అంతటి ఘనత లేని పందొమ్మిదేండ్ల పిల్లవాని పిరికితనమునకు మూల్యము చెల్లించువాడు నేలపై పడియున్న మరియొకడు గదా! ఒకని శీలపరీక్షకు మరియొకని ప్రాణము నొడ్డుట యే ధర్మశాస్త్రమున నున్నది? మాఫీ కలదని తెలిసి పిల్లలు మరింత త్రాగుదురనువారును గలరు. స్పృహ దప్పి ఆస్పత్రి కేగవలెనని ముందుగా లెక్కవేసికొని త్రాగువాడు నాకు కనబడలేదు.

నాకు చిక్కనిపించు విషయము వేరు. 2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థిసంఘములో క్రొత్తగా చేరుచున్న పందొమ్మిదేండ్ల యువకునిచే విశేషముగా త్రాగించిరి. అతడు మెట్లపైనుండి పడెను. సహాయమునకు బిలుచుసరికి దాదాపు పండ్రెండుగంటలు గడచెను, అతడు బ్రతుకలేదు. త్రాగి పిలిచినవానికి రక్షణయిచ్చు చట్టము ఆ రాష్ట్రమున 2011 నుండియే యున్నది. ఐన నది త్రాగిన తప్పునకే గాని, త్రాగించిన తప్పునకు గాదు. త్రాగించినవానికే సంగతి యెక్కువ తెలియును. వానికే భయమును ఎక్కువ. 2018లో అచ్చట ర్యాగింగుపై కఠినశాసనము చేసినప్పుడు, పిలిచినవానికి అందును కొంత రక్షణ కల్పించిరి. చిన్నవానికి విషమువలె పోసినవాడు ఒక్క పిలుపుతో నిర్దోషి యగునా? కాకూడదనియే నా మనస్సు. కాని ఆ పండ్రెండుగంటలు తలచుకొన్నప్పుడు నా మనస్సు నిలుకడగా నుండదు.

ఇక పోలీసులకన్న తండ్రికి జడియు పిల్లలు ఎన్ని యిండ్లలో లేరు? నా చిన్ననాట మా పినతండ్రి కుమారుడు పెద్దలు వలదన్న మామిడిచెట్టెక్కి పడి, చేయి విరుగగొట్టుకొని, రెండుదినములు ఉత్తరీయము క్రింద దాచెను. ఎవరికిని చెప్పనని నాచే ఒట్టు పెట్టించుకొనెను. చెట్టు క్రింద నిలిచి కాయలేరినవాడను నేనే గనుక ఒట్టు లేకున్నను చెప్పియుండనేమో. ఆ చేయి కొంచెము వంకరగనే యతికినది. చాలయేండ్లకు మా పినతండ్రి యొకనాడు ఆ చేయి చూచి, "ఏమిరా, నాతో చెప్పకపోతివేమి?" అనెను. వాడు నవ్వి యూరకుండెను. నేను వీధివైపు చూచుచుంటిని.