లైటు మార్చే ముందు, అల్లుడూ

అల్లుడూ,

పికప్‌కు ఎల్ఈడీ బల్బులు వేయిస్తాను, మంచి జత ఏదో చెప్పు మామా అని అడిగావు. నీ అవసరం నాకు తెలియంది కాదు. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తుకుని, పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి, తెల్లారేలోగా కోయంబేడు మార్కెట్లో దించాలి. ఆ దారిలో వెనక ఎర్రలైటు లేని ట్రాక్టరు ట్రాలీలుంటాయి, రోడ్డు మీదే పడుకున్న గొడ్లుంటాయి. పలమనేరు అడవి పక్కనైతే ఏనుగులు దాటుతాయి. 2023 జూన్‌లో కూరగాయల వ్యాను ఢీకొని మూడు ఏనుగులు చచ్చిపోయింది అక్కడే కదా. వెలుతురు చాలడం లేదన్న నీ మాటలో తప్పేమీ లేదు. నేను చెప్పేదల్లా ఒక్కటే. కొత్త బల్బు మీద డబ్బు పెట్టడం ఆఖరి పని. నీ బండిలో ఇప్పుడున్న బల్బు ఇవ్వాల్సిన వెలుతురు ఇస్తోందా లేదా అన్నది ముందు తేల్చుకో.

నీది 2012 బొలెరో పికప్. అందులో ఉండేది హెచ్4 హాలోజెన్ బల్బు, బ్రైట్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55. షోరూం నుంచి వచ్చినప్పుడూ అదే బల్బు. అప్పుడు సరిపోయిన వెలుతురు ఇప్పుడెందుకు సరిపోవడం లేదు? మధ్యలో పాతబడింది వైరు. కరెంటు బ్యాటరీ దగ్గర బయల్దేరి, ఫ్యూజు బాక్సులోంచి స్టీరింగు కింద ఉన్న కాంబినేషన్ స్విచ్ దాకా పోయి, మళ్లీ ముందుకొచ్చి హెడ్‌లైటు డూమ్‌లో బల్బును చేరాలి. పన్నెండేళ్లు దాటిన బండిలో ఆ స్విచ్ పాయింట్లు నల్లబడి ఉంటాయి, టెర్మినళ్లకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, ఎర్త్ బోల్టు తుప్పెక్కి ఉంటుంది. దారి పొడుగునా కాస్త కాస్త వోల్టేజీ రాలిపోతుంది. హాలోజెన్ బల్బుతో చిక్కేమిటంటే, వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు పదో వంతుతో ఆగదు, సుమారు 30 శాతం పడిపోతుంది. నీ కంటికి మసకగా కనపడేది అదే.

ఇది ఊహించుకోనక్కర్లేదు, కొలిచి చూసుకోవచ్చు. మల్టీమీటర్ తీసుకో. ఇంజను ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేసి, ముందు బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టి చూడు. ఆల్టర్నేటర్ బాగుంటే 14 వోల్టులకు అటూ ఇటూ చూపించాలి. తర్వాత డూమ్ వెనక రబ్బరు బూటు తీసి, హోల్డర్ ఊడబీకకుండా, బల్బు వెలుగుతుండగానే వెనక నుంచి పిన్నుల మీద కొలువు. హోల్డర్ ఊడదీసి కొలిస్తే బల్బు కరెంటు లాగదు కాబట్టి వోల్టేజీ పూర్తిగా ఉన్నట్టే చూపిస్తుంది. చాలామంది మెకానిక్కులు అక్కడే పొరపడి వైరింగు బాగుందని చెప్పి పంపించేస్తారు. రెండు అంకెలకూ తేడా అర వోల్టు లోపుంటే వైరింగుతో పేచీ లేదు. బ్యాటరీ దగ్గర 14 ఉండి బల్బు దగ్గర 12.2 వస్తోందనుకో, మూడో వంతుకు పైగా వెలుతురు నువ్వు దారిలోనే పోగొట్టుకుంటున్నావు. ఎర్త్ వైపు కూడా చూడు. బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య దాదాపు సున్నా రావాలి. అలా రాకపోతే ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా గీకి బిగిస్తే చాలు. ఎన్నో బండ్లకు ఆ ఒక్క పనితోనే వెలుతురు తిరిగొచ్చింది.

తేడా ఎక్కువుంటే రిలే వైరింగ్ కిట్ వేయించు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలేకు, రిలే నుంచి నేరుగా బల్బుకు. పాత హెడ్‌లైటు వైరుకు ఇక రిలేను పలకరించడమే పని. బరువు మోసే పని దానికి తప్పుతుంది, కాంబినేషన్ స్విచ్ కూడా చల్లగా ఉంటుంది. ఫ్యూజు మాత్రం మరవొద్దు. ఇంజను పక్కన రాపిడికి వైరు తోలు ఊడి బాడీకి తగిలిందంటే, ఫ్యూజు లేని వైరు కాలుతూనే ఉంటుంది. వైరును రేడియేటరు ఫ్యానుకూ సైలెన్సరు పైపుకూ దూరంగా, గొట్టంలో పెట్టి లాగమని దగ్గరుండి చెప్పు.

డూమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పై అద్దం ప్లాస్టిక్‌ది, ఎండకు పసుపెక్కి ఉంటే నీళ్ల పేపరుతో 800 నుంచి మొదలెట్టి 2000, 3000 నంబరు దాకా రుద్ది, పాలిష్ పెట్టి, ఎండకు ఆగే క్లియర్ కోటు కొట్టించు. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్లు మెరిసి మళ్లీ మొదటికొస్తుంది. లోపల రిఫ్లెక్టర్ మెరుపు పూత లేచిపోయి బూడిదరంగు తేలితే దానికి వైద్యం లేదు. గుడ్డ పెట్టి తుడవబోతే మిగిలిన పూత కూడా వచ్చేస్తుంది. డూమ్ జతగా మార్చడమే దారి. పనిలో పనిగా ముందద్దం లోపలి వైపు కూడా తుడువు. అక్కడ పేరుకున్న పొర మీద ఎదుటి లైటు పడితే రోడ్డంతా తెల్లగా అలుక్కుపోతుంది.

ఇంత చేశాక కూడా చాలకపోతే, అప్పుడు బల్బు మాట్లాడదాం.

షాపులో మొదట నీ ముందు పెట్టేది 100/90 హాలోజెన్. జత వేస్తే బ్రైట్‌లో 16 ఆంపియర్లకు పైగా లాగుతుంది. పాత వైరింగు మీద దాన్ని వేస్తే హోల్డర్ కరిగిపోతుంది, స్విచ్ మాడుతుంది. పైగా వైరు బలహీనంగా ఉన్నచోట ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ ఇంకా పడిపోతుంది, పెరగాల్సినంత వెలుతురు పెరగదు. ఆ వేడికి ప్లాస్టిక్ డూమ్ కూడా పాడవుతుంది. అది వద్దు. నీలం గాజు బల్బులూ వద్దు, చూడ్డానికి తెల్లగా ఉన్నా ఆ రంగుపూత కొంత వెలుతురును మింగేస్తుంది. పేరున్న కంపెనీ 60/55 వాట్ల బల్బుల్లోనే ఎక్కువ వెలుతురు రకం వస్తుంది, అది తీసుకో. దాని ఫిలమెంటును గట్టిగా మండించడం వల్ల ఆయుష్షు తక్కువ, అందుకని ఒక బల్బు ఎప్పుడూ కేబిన్‌లో పెట్టుకో. వేసేటప్పుడు గాజును వేళ్లతో తాకొద్దు, చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి పగులుతుంది.

ఇక నువ్వు అడిగిన ఎల్ఈడీ. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నీ మనసు దీనిమీదే ఉందని తెలుసు.

హెచ్4 బల్బు లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దోసిలి ఉంటుంది. కిందికి పోయే వెలుతురును అది ఆపడం వల్లే డిమ్ కిరణం పైకి లేవకుండా గీత గీసినట్టు రోడ్డు మీద పడుతుంది. రిఫ్లెక్టర్ వంపంతా ఆ ఫిలమెంటు ఎక్కడుందో లెక్కగట్టి చేసిందే. ఎల్ఈడీ బల్బులో ఫిలమెంటు స్థానంలో రెండు పక్కలా చిప్పులు అతికించి ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా, చిప్పు వెడల్పు ఎక్కువైనా ఆ గీత చెదిరిపోతుంది. వెలుతురు పైకి, కుడికి, ఎదుటివాడి కళ్లలోకి చిమ్ముతుంది. నీకు మాత్రం బానెట్ ముందు పది పదిహేను మీటర్లు పట్టపగల్లా కనపడి, అబ్బ ఎంత బాగుంది అనిపిస్తుంది. ఆ దగ్గరి వెలుతురుకే నీ కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన ఉన్న గేదె ఇంకా చీకట్లోకి పోతుంది. నీకు కావాల్సింది దూరం చూపు కదా నాయనా? బాక్సు మీద 200 వాట్లని రాసుంటే నమ్మొద్దు. వోల్టులూ ఆంపియర్లూ కొలిచి గుణిస్తే చాలావాటిలో అందులో నాలుగో వంతు కూడా తేలదు.

చట్టం కూడా నీ పక్షాన లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో మారిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండి కాబట్టి నువ్వు ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు, అదే ఎఫ్‌సీకి పోవాలి. ఆ పరీక్ష ముందు బల్బులు మార్చుకోవడం, బయటికొచ్చి మళ్లీ వేసుకోవడం నీలాంటివాడు చేయాల్సిన పని కాదు. కేబిన్ మీద ఎల్ఈడీ బార్ ఊసైతే ఎత్తనే ఎత్తొద్దు. ఎదురుగా వచ్చేవాడు స్కూటరు మీద పాల క్యానులు కట్టుకున్న మనిషి కావచ్చు. రెండు క్షణాలు అతనికి కళ్లు కనపడకపోతే పోయేది అతని ప్రాణమే కాదు, నీది కూడా.

అందరూ వదిలేసేది, పికప్‌కు అన్నిటికన్నా ముఖ్యమైనది లైటు ఎయిమింగ్. ఖాళీ బండిని గోడ ముందు నిలబెట్టి సెట్ చేస్తారు. నువ్వు నడిపేది లోడుతో. వెనక కమాన్లు కిందికి దిగగానే ముందు భాగం పైకి లేస్తుంది. ఒక్క డిగ్రీ లేస్తే పది మీటర్ల దూరంలో కిరణం 17 సెంటీమీటర్లు పైకి పోతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న డిమ్ లైటు, లోడెక్కాక ఎదుటివాడి మొహం మీద బ్రైట్ లైటులా పడుతుంది. వాళ్లు నీకు డిప్పర్ కొడుతుంటే వాళ్లదే పొగరనుకుంటావు. ఎత్తుపల్లాలు లేని నేల చూసి, రోజూ వేసే లోడు వేసి, టైర్లలో గాలి సరిచూసి, గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలుపు. డూమ్ మధ్య ఎత్తును గోడ మీద సుద్దతో గీసుకో. డిమ్ వేస్తే కిరణం పై అంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు కింద ఉండాలి. ఎడమవైపు మాత్రం కొంచెం పైకి వాలి ఉంటుంది, అది రోడ్డు మార్జిన్ చూపించడానికి, దాన్ని దించొద్దు. డూమ్ వెనక స్క్రూలు తిప్పి ఒక్కో లైటు విడిగా, రెండోదాని మీద గోనెపట్టా కప్పి సరిచెయ్యి.

ఎంత చేసినా డిమ్‌లో నీకు నికరంగా కనపడేది యాభై, అరవై మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లలో మెదడు గుర్తించి, కాలు బ్రేకు మీదికెళ్లి బండి ఆగేసరికి డెబ్బై మీటర్లు దాటుతుంది, లోడుంటే ఇంకా ఎక్కువ. పుంగనూరు, పలమనేరు మధ్య ఎదుటి బండ్లొచ్చి డిమ్ వేయాల్సిన చోట 50 దాటనీయకు. మార్కెట్‌కు అరగంట ఆలస్యమైతే ధరలో ఏమన్నా తేడా వస్తే రానీ.

ఈ ఆదివారం ఇంటికి రా. ఖాళీ బండితో కాదు, క్రేట్ల బదులు నీళ్ల క్యానులైనా ఎక్కించుకుని రా, నువ్వు వేసే బరువు ఉండాలి. మీటరు నా దగ్గరుంది. రిలే కిట్ ఇప్పుడే కొనొద్దు, కొలిచాక అవసరమైతే కలిసి పోయి తెచ్చుకుందాం. ఎల్ఈడీ షాపువాడికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే ఆ డబ్బుకు ఒక జత మంచి 60/55 బల్బులు, వైపర్ బ్లేడ్లు ఇమ్మని అడుగు.