తీరిక - ఋణభావన: గృహిణి మలిజీవితంపై నైతిక పరిశీలన

పిల్లల పెంపకం ముగిసిన తరువాత స్త్రీ చదువునో వృత్తినో తిరిగి చేపట్టడం నేటి తెలుగు సమాజంలో ప్రశంసకు నోచుకుంటున్నది. ఆ ప్రశంసలో ‘బాధ్యతలు తీరాయి కాబట్టి’ అనే షరతు ఇమిడి ఉంది. మలిజీవితం బాధ్యత తీర్చినందుకు లభించే అనుమతా, వ్యక్తికి మొదటినుంచీ ఉన్న హక్కా అన్నది ఈ వ్యాసంలోని విచార్యాంశం.

‘తీరిక’ అనే మాట ‘తీరు’ క్రియ నుంచి ఏర్పడింది. అప్పు తీరుతుంది, పని తీరుతుంది, బాధ్యత తీరుతుంది. ఆ తరువాత మిగిలేది తీరిక. విరామాన్ని ఋణవిముక్తిగా భావించే దృష్టి ఈ విధంగా భాషలోనే కనిపిస్తుంది. ఆశ్రమధర్మానికీ ఇటువంటి భావనే పునాది. మనుస్మృతి ఆరవ అధ్యాయం ప్రకారం జుట్టు నెరిసి, సంతానానికి సంతానం కలిగినప్పుడు గృహస్థు వానప్రస్థం స్వీకరించాలి. మూడు ఋణాలు తీర్చుకొన్నాకే మోక్షంపై మనసు నిలపాలి. భార్య విషయంలో అక్కడ చెప్పిన మార్గాలు రెండే: ఆమెను కొడుకులకు అప్పగించడం, లేదా వెంట తీసుకొనిపోవడం. పురుషుని మలిదశ అతని నిర్ణయం కాగా, స్త్రీ మలిదశ ఆ నిర్ణయానికి అనుబంధం మాత్రమే.

గృహిణి తీర్చవలసిన ఋణానికి గడువు లేకపోవడం ఈ భావనలోని ప్రధాన లోపం. ఉద్యోగికి పదవీవిరమణ తేదీ ఉంటుంది, ఇంటిపనికి ఉండదు. పిల్లలు స్థిరపడ్డాక కాన్పులు, మనుమల పెంపకం ముందుకు వస్తాయి. విదేశాల్లోని సంతానం ఇంట పసిబిడ్డలను చూసుకోవడానికి నెలల తరబడి వెళ్ళే తల్లులు తెలుగునాట సుపరిచితులే. ఆ పని ప్రేమతో చేసేదే కావచ్చు. అయినా తీరిందనుకొన్న బాధ్యత మళ్ళీ మొదలవుతుంది. గడువులేని ఋణం తీరాకే హక్కు అనడం ఆచరణలో హక్కును నిరాకరించడమే.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలోని గృహిణి ఇంటిపనిలో పడి తన పేరే మరచిపోతుంది. ఆమెకు పేరును గుర్తుచేసింది భర్తా పిల్లలూ కాదు, పాత స్నేహితురాలు. పేరు దొరికాక ఆమె ఇంటికే తిరిగివస్తుంది. ఇకపై ఆ పేరుతోనే పిలవమంటుంది. పిల్లల పెంపకం అప్పటికి ముగియలేదు. అస్తిత్వాన్ని తిరిగి పొందడానికి బాధ్యతలు తీరనక్కరలేదని ఈ ముగింపు సూచిస్తున్నది. శీర్షికకు ఆధారమైన సామెత చెప్పేదీ అదే: ఇల్లలకడం పండుగకు సన్నాహమే గాని పండుగ కాదు.

ఈ వాదం మాతృధర్మాన్ని తేలిక చేస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. శిశువు నిస్సహాయత పెద్దలపై నిజమైన బాధ్యతను మోపుతుంది. ఆ బాధ్యత కాలాన్నీ శ్రమనూ కోరుతుంది. పేరునూ ఆకాంక్షనూ తాకట్టు పెట్టమని కోరదు. పైగా అది తల్లి ఒక్కతెది కాదు. దానిని ఆమెపైనే ఉంచిన సమాజం, తరువాత ఆమె ప్రయత్నాన్ని ‘ఆలస్యం’గా లెక్కించడం అన్యాయం.

ఇందుకు భిన్నమైన దృష్టికి ఒక నిదర్శనం ఉంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో ప్రారంభించిన సంక్షిప్త విద్యాకోర్సులు, చదువుకు దూరమైన వయోజన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేశాయి. ఆగిన చదువును లోపంగా కాక, కొనసాగించదగిన దశగా గుర్తించడం ఆ పథకంలోని నైతిక విలువ.

కనుక మలిజీవితాన్ని బహుమానంగా కీర్తించడం చాలదు. తల్లి తీరిక కోసం వేచి ఉండనక్కరలేకుండా పని పంచుకోవడం కుటుంబధర్మం. పెంపకంలో గడచిన సంవత్సరాలను ‘ఖాళీ’గా లెక్కించే కొలమానాలను పునఃపరిశీలించడం విద్యాసంస్థల, ఉద్యోగసంస్థల ధర్మం.