ఖాళీ సీటుపై హక్కు ఎవరిది?

బందరులో గానీ, గుడివాడలో గానీ ఒక ఇంటిముందు కొత్త బండి ఆగిందంటే ఆ రోజు వీధికంతా సందడే. ఒకప్పుడు ఆ బండి మారుతి వ్యాన్. 1984లో వచ్చిన ఆ బండి, ఓమ్నీ పేరుతో 2019 దాకా తయారైంది. పెళ్లివారినీ, రోగులనూ, బడిపిల్లలనూ మోసింది. ఇప్పుడు ఎర్టిగా, ట్రైబర్ వంటి మూడు వరుసల బండ్లు ఆ పని చేస్తున్నాయి.

మేము కూడా ఈమధ్య అలాంటి బండి ఒకటి కొనాలనుకున్నాం. కొనడం గురించి కన్నా అలంకరించడం గురించే ఇంట్లో చర్చ ఎక్కువ జరిగింది. వెనుక వరుస సీటు తీసేసి అక్కడ పెద్ద స్పీకరు పెట్టె బిగిద్దామన్నారు కుర్రవాళ్లు. అమ్మీ ఒకే మాట అడిగారు: "మరి పక్కింటి ఖాలాను ఎక్కడ కూర్చోబెడతారు?" ఖాలా వైద్యం కోసం తరచూ విజయవాడ వెళ్లాలి. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేరు.

ఆ ప్రశ్న మమ్మల్ని ఆలోచింపజేసింది. వాహనాన్ని అలంకరించుకోవడం తప్పా?

కానే కాదు. గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు స్వారీ కోసమే కాదు, శోభ కోసం కూడా అని దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 8వ ఆయతు తెలుపుతోంది. మంచి దుస్తులు, మంచి చెప్పులు ఇష్టపడటం అహంకారమవుతుందా అన్న సందేహానికి దైవప్రవక్త (స) కాదనే జవాబిచ్చారు. సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటమే అహంకారమని వివరించారు.

అయితే దానికి ముందున్న ఆయతును కూడా చదవాలి. మనం ఎంతో ప్రయాసపడితే తప్ప చేరుకోలేని ఊళ్లకు పశువులు మన బరువులు మోస్తాయని అది గుర్తు చేస్తోంది. మోయడం ముందు, శోభ తర్వాత. ఈ వరుస తలకిందులైనప్పుడే అనుగ్రహం ఆడంబరంగా మారుతుంది.

మన తీరప్రాంతపు ఉప్పుగాలికి బండి అడుగుభాగం తుప్పు పట్టకుండా పూత వేయించడం, పెద్దలు ఎక్కడానికి మెట్టు, పట్టుకోవడానికి పిడి పెట్టించడం, పసివాళ్లకు తగిన సీటు అమర్చడం దుబారా కాదు. కానీ ముందు బిగించే ఇనుప గార్డు సంగతేమిటి? దాని దెబ్బ ఎదుటి పాదచారికి ప్రాణాంతకం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా. వీధి దద్దరిల్లే హారన్ రోగులకు హింస. తనకు గానీ, ఇతరులకు గానీ హాని తలపెట్టరాదన్నది ఇస్లామీయ సూత్రం. ఇక సొగసుల కోసం వడ్డీకి అప్పు చేయడమంటే, నిషిద్ధాన్ని ఇచ్చి శోభను కొనుక్కోవడమే!

అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), అదనపు వాహనం ఉన్నవారు అది లేనివారికి ఇవ్వాలని బోధించారు. అలా ఒక్కొక్క సంపదనూ పేర్కొంటూ వెళ్లారు. అవసరానికి మించిన దేనిపైనా తమకు హక్కే లేదేమోనని సహచరులు భావించారట! మరి మన బండిలో ఖాళీగా ఉన్న సీటు అదనపు వాహనం కాదా?

అడిగిన వారందరినీ ఎక్కించుకుంటే మన బండి మనకు మిగులుతుందా అని కొందరు అడగవచ్చు. భార్యాబిడ్డల హక్కును కాదని దానం చేయమని ధర్మం చెప్పలేదు. ఏడుగురి బండిలో పదిమందిని కుక్కడమూ పుణ్యం కాదు. మిగిలినదాని గురించే ఈ ప్రశ్న. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొంది. తుఫాను హెచ్చరిక వినిపించిన రోజున ఒక్క సీటు విలువ ఎంతో అక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేము ఆ సీటు తీయలేదు. కుర్రవాళ్లు కొన్నాళ్లు అలిగారు. మొదటి ప్రయాణంలో ఖాలా కూర్చుంటూనే వాహనం ఎక్కేటప్పటి దుఆ చదివారు. జుఖ్రుఫ్ సూరా నేర్పిన ఆ దుఆలో, దీన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్‌యేనన్న ఒప్పుకోలు ఉంది. చివరకు మనం మన ప్రభువు వద్దకే మరలి వెళ్లాలన్న హెచ్చరికా ఉంది. ఆ ప్రయాణంలో బండి మన వెంట రాదు. అందులో ఎవరికి చోటిచ్చామన్న లెక్క మాత్రం వస్తుంది.

అల్లాహ్ మన వాహనాలను మనకూ, మన పొరుగువారికీ శుభప్రదం చేయుగాక! ఆమీన్.