ఆగిపోయిన సూది

ధ్యాన భాగములు: నిర్గమకాండము 35:25–35, అపొస్తలుల కార్యములు 9:36–42



చేయవలెనను కోరిక యుండియు చేయి కదలని దినములు మనకు వచ్చును. పాత చీరలు ముందు పరచుకొని కూర్చుందుము. ఏ ముక్క దేని ప్రక్కన వేయవలెనో తోచదు. ఇది సోమరితనమా? దేవుడిచ్చిన వరము మననుండి తీసివేయబడెనా? లేక మరియొక కారణము కలదా?

మా తల్లి ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె చీరలతో బొంత కుట్టవలెనని తలంచితిమి. ఏ వరుస పెట్టినను ఆమెకు తగినదిగా కనబడలేదు. ముక్కలు పరచుటయు, మరల మడిచి పెట్టెలో పెట్టుటయు జరిగినవి. వానకాలము గడిచెను. భద్రాచలపు అడవి అంచు పల్లెలలో పుష్యమాసపు చలి యెట్టిదో మీకు తెలియును. ఆ చలిలో మా పొరుగున ఒక బాలెంత తన పసిబిడ్డను పలుచని గుడ్డలో చుట్టుకొని యుండుట చూచితిమి. మా పెట్టెలోనో చీరలు మడత చెడక యున్నవి! ఆ రాత్రి మాకు సిగ్గు కలిగెను. దుఃఖమని మేము పేరు పెట్టిన దానిలో సగము, మా పనితనము మెప్పు పొందవలెనను ఆశయే.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపిరి. వాటి అందమును గూర్చి లూకా ఏమియు వ్రాయలేదు. అవి అవసరములో నున్నవారికి చేరినవి, అది చాలును.

అయితే అందము వ్యర్థమా? కాదు. గుడారపు పనికి బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపెను. ఆ నేర్పుతోకూడ ఇతరులకు నేర్పు మనస్సును అతనికిని అహోలీయాబుకును ఇచ్చెను. వరము ఒంటరిగా దాచుకొనుటకు ఇయ్యబడలేదు. నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని దుమ్ముగూడెములో మిషనువారు నేర్పిన లేసు అల్లిక ఒకప్పుడు దూరదేశములకును పోయెను. అదియు ఒకరి చేతిని చూచి మరియొకరు నేర్చుకొన్న పనియే గదా.

మరునాడు చీరల మూట తీసికొని పొరుగింటికి పోతిమి. బాలెంత అత్తగారు మా సందేహమంతయు విని, “పసిదానికి రంగులు ఎరుకనా అమ్మా? ఎచ్చగుంటే సాలు” అనెను. ఇద్దరము కలిసి మూడు చీరలను పొరలుగా నేలమీద పరచి, నాలుగు మూలల రాళ్లు పెట్టితిమి. ముడతలు పడకుండ నడిమి నుండి అంచులకు పొడుగు కుట్లు వేసితిమి. అతుకునకు తెచ్చిన కొత్త గుడ్డను ముందుగా ఉతికి ఆరవేసితిమి. ఉతకని కొత్త గుడ్డ తరువాత ముడుచుకొని పాత బట్టను చింపును. ప్రభువు చెప్పిన మాసిక ఉపమానము కుట్టువారికి బాగుగ తెలియును. సగము బొంత అయినప్పటికి ఏ రంగు ఎక్కడ వేయవలెనో దానంతట అదే తోచెను. ఒక మూల వంకరపోయినది. అట్లే ఉంచితిమి.

ప్రతి ఆలస్యమును గర్వమని మేము చెప్పము. చింపుటకును కుట్టుటకును వేర్వేరు కాలములు గలవని ప్రసంగి యెరిగియున్నాడు. దుఃఖించువారిని తొందరపెట్టకుడి. అయితే సూది ఆగినప్పుడు, “ఏమి కుట్టుదును?” అని మాత్రమే గాక, “ఎవరి కొరకు కుట్టుదును?” అనియు అడుగుకొందము. మొదటి ప్రశ్నకు మేము నెలల తరబడి జవాబు కనుగొనలేదు. రెండవదానికి జవాబు మా ప్రక్క యింటిలోనే చలికి ఏడ్చుచుండెను.